సరస్సు ఈదిన కుర్రాడు

ఇరవయ్యేళ్ళ వయసు. సరిగా వినపడని చెవులు. వెనక ట్యాంకులు... ముందు ముక్కూమొహం తెలియని దేశం. ఓ చలికాలపు రాత్రి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటిన ఆ కుర్రాడే, తర్వాతి రోజుల్లో ప్రపంచంలోని కంప్యూటర్లలో అధికభాగానికి 'మెదడు' తయారుచేసే కంపెనీకి అధిపతి అయ్యాడు. ఆయనే ఇంటెల్ ఆండీ గ్రోవ్. కొల్లేటి గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళకి ఆయన కథ ఎక్కడో దూరదేశపు ముచ్చటలా అనిపించదు. ఎందుకంటారా... చదవండి!

ముదినేపల్లి దాటి కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ చెరువులే. పగటిపూట చూస్తే ఎంత ప్రశాంతంగా ఉంటాయో. నీళ్ళలో ఆకాశం, గట్టు మీద కొబ్బరిచెట్లు, మధ్యలో ఓ పడవ. కానీ ఆ ప్రశాంతత వెనక నిద్రపట్టని మనిషి ఒకడుంటాడు. ఏ చేపల రైతునైనా అడిగి చూడండి... అసలు భయమంతా తెల్లవారుజామునే అంటాడు. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలోని నాచు ప్రాణవాయువుని తయారుచెయ్యదు. పైగా చేపలతో పాటు తనూ పీల్చుకుంటుంది. దాంతో పొద్దు పొడిచే ముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ముందురోజు మబ్బు పట్టిందంటే ఇక చెప్పనక్కర్లేదు. శీలావతులూ బొచ్చెలూ పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే, ఏరియేటర్లు తిప్పడమో కొత్తనీరు పెట్టడమో అప్పటికప్పుడు జరిగిపోవాలి. లేదంటే ఏడాది కష్టమంతా తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది. అందుకే అంతా బాగున్న రోజున కూడా ఆ రైతు టార్చిలైటు పట్టుకుని గట్టెక్కుతాడు.

అంతా బాగున్నప్పుడే భయపడాలి. ఇదీ ఆ రైతు నేర్చుకున్న పాఠం.

సరిగ్గా ఈ పాఠాన్నే పట్టుకుని వేల కోట్ల డాలర్ల కంపెనీని నడిపాడొకాయన. దాని మీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. 'ఓన్లీ ద పారనాయిడ్ సర్వైవ్' అని దానికి పేరు. అనుక్షణం అనుమానంతో, భయంతో మెలకువగా ఉండేవాడే బతికి బట్టకడతాడని అర్థం. 1996లో వచ్చిన ఆ పుస్తకం ప్రపంచవ్యాప్తంగా మేనేజ్‌మెంట్ విద్యార్థులకి పాఠ్యపుస్తకమంత అయింది. కానీ ఆండీ గ్రోవ్ ఆ భయాన్ని ఏ బిజినెస్ స్కూల్లోనూ నేర్చుకోలేదు. ఎనిమిదేళ్ళ వయసులో, దొంగపేరుతో, ఊపిరి బిగబట్టుకుని దాక్కున్నప్పుడు నేర్చుకున్నాడు.

రెండు పేర్ల బాల్యం

ఆయన అసలు పేరు ఆండ్రాష్ గ్రోఫ్. 1936 సెప్టెంబరు 2న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి పాల వ్యాపారంలో భాగస్తుడు. మనం ఉదయాన్నే పాలకేంద్రం దగ్గర చూస్తామే, అలాంటి మధ్యతరగతి కుటుంబం. యూదులు. నాలుగేళ్ళ వయసులో పిల్లాడికి స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. చావు తప్పిందిగానీ చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి బాగా తగ్గిపోయింది.

1942లో తండ్రిని సైన్యం వెంట వెట్టిచాకిరీ చేసే దళంలోకి పట్టుకుపోయారు. రష్యా యుద్ధరంగానికి పంపారు. కొన్నాళ్ళకి ఆచూకీ లేకుండా పోయాడని కబురొచ్చింది. 1944 మార్చిలో హిట్లర్ సైన్యం హంగరీని ఆక్రమించింది. ఆ తర్వాత కొద్దినెలల్లోనే లక్షల మంది హంగరీ యూదుల్ని రైలుపెట్టెల్లో కుక్కి ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి తరలించారు. ఆ తల్లి చేసిన పని ఒకటే... కొడుకుని తీసుకుని మాయమైపోవడం. తెలిసిన క్రైస్తవ కుటుంబాలు ఆశ్రయమిచ్చాయి. దొంగ కాగితాలు పుట్టించారు. ఎనిమిదేళ్ళ ఆండ్రాష్‌కి కొత్త ఇంటిపేరు వచ్చింది. ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఆ పేరే చెప్పాలి. పొరపాటున అసలు పేరు నోరు జారిందా... తల్లీకొడుకులిద్దరి ప్రాణాలూ పోతాయి.

మన పిల్లలు ఆ వయసులో ఎక్కాలు వల్లెవేస్తారు. ఆ కుర్రాడు ఓ అబద్ధాన్ని వల్లెవేశాడు.

1945లో సోవియట్ సైన్యం నగరంలోకి వచ్చింది. నాజీల పీడ విరగడైంది. యుద్ధం ముగిశాక ఓరోజు తండ్రి తిరిగొచ్చాడు. ఎముకలగూడులా మారిపోయిన ఆ మనిషి తండ్రేనని నమ్మడానికి కొడుక్కి కొంత సమయం పట్టింది.

రాయడం మాని... రసాయనాల వైపు

కష్టాలు గట్టెక్కాయనుకుంటే మరో నియంతృత్వం వచ్చిపడింది. కమ్యూనిస్టు ప్రభుత్వం వ్యాపారాల్ని జాతీయం చేసింది. పాల వ్యాపారం చేజారింది. పొరుగువాడితో మాట్లాడాలన్నా భయమే. ఎవరు ఎవరి మీద చాడీలు చెబుతారో తెలియని కాలం.

ఆండ్రాష్‌కి మొదట్లో విలేకరి కావాలని ఉండేది. పిల్లల పత్రికకి వార్తలూ వ్యాసాలూ రాసేవాడు. అచ్చులో తన పేరు చూసుకుని మురిసిపోయేవాడు. అంతలో దగ్గరి బంధువొకరిని ప్రభుత్వం అరెస్టు చేసింది. విచారణ లేదు, నేరమేంటో చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఈ కుర్రాడి రాతలు అచ్చుకావడం ఆగిపోయింది. నిన్నటిదాకా బాగున్న వాక్యాలు ఇవాళ ఎందుకు పనికిరాకుండా పోయాయి? రాతలో తప్పులేదు, చుట్టరికంలో ఉంది! అప్పుడే నిశ్చయించుకున్నాడు... పైవాడి ఇష్టాయిష్టాలతో, రాజకీయాలతో మంచిచెడ్డలు తేలే వృత్తి తనకొద్దని. సైన్సులో అలా కాదు. పరీక్షనాళికలో రంగు మారితే మారినట్టే. ఏ పార్టీవాడు చూసినా అదే రంగు. అలా కలం పక్కన పెట్టి కెమిస్ట్రీ పట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన ఫిజిక్స్ మాస్టారు తల్లిదండ్రుల సమావేశంలో ఓ మాట చెప్పారట. బతుకంటే పెద్ద సరస్సు లాంటిది, పిల్లలంతా ఓ గట్టున దిగి ఈదడం మొదలుపెడతారు, అందరూ అవతలి గట్టుకి చేరరు, ఈ కుర్రాడు మాత్రం చేరతాడు అన్నది ఆ మాట సారాంశం. ఆ మాట ఆయన మనసులో ఎంతగా నాటుకుపోయిందంటే... అరవయ్యయిదేళ్ళ వయసులో, 2001లో ఆత్మకథ రాసుకున్నప్పుడు దానికి 'స్విమ్మింగ్ ఎక్రాస్' అని పేరు పెట్టుకున్నాడు.

చీకట్లో అవతలి గట్టుకి

1956 అక్టోబరు 23. బుడాపెస్ట్ వీధుల్లోకి విద్యార్థులు వచ్చారు. స్వేచ్ఛ కావాలన్నారు. కొన్నిరోజులపాటు నిజంగానే వచ్చేసిందనుకున్నారు. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు నగరంలో దిగాయి. తిరుగుబాటు నేలమట్టమైంది. కుర్రాళ్ళని దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకుపోతున్నారు. ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఓ బంధువు ఇంటికొచ్చి గట్టిగా చెప్పింది... నువ్వు వెళ్ళిపోవాలి, ఇప్పుడే వెళ్ళిపోవాలి అని. ఏ ప్రమాదానికి ఎప్పుడు పారిపోవాలో ఆమెకన్నా ఎవరికి బాగా తెలుసు!

అమ్మానాన్నల్ని వదిలి, యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపి, స్నేహితుడితో కలిసి రైలెక్కాడు ఆండ్రాష్. సరిహద్దుకి దగ్గర్లో దిగి, దారి తెలిసిన మనిషి సాయంతో రాత్రిపూట పొలాలకి అడ్డంపడి నడిచాడు. బురద, చలి, ఎక్కడో కుక్కల అరుపులు. చివరికి ఆస్ట్రియా గడ్డ మీద అడుగుపెట్టాడు. అప్పట్లో అలా దేశం దాటిన హంగరీవాసులు సుమారు 2 లక్షల మంది. వాళ్ళలో తానొకడు. అప్పటికి అంతే.

'ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ' అనే సహాయసంస్థ అమెరికాకి పంపే ఏర్పాటు చేసింది. సైనికుల్ని చేరవేసే పాత ఓడలో, శరణార్థులతో కలిసి అట్లాంటిక్ దాటి 1957 జనవరి 7న న్యూయార్క్ చేరాడు. అక్కడ బంధువుల ఇంట్లో మకాం. ఇంగ్లిషు అంతంతమాత్రం. చెవులు సరేసరి.

ఫీజు లేని చదువు

శరణార్థికి చదువు చెప్పేదెవరు? ఫీజు కట్టేదెవరు? ఆ ప్రశ్నకి జవాబు న్యూయార్క్ సిటీ కాలేజీ. వలస కుటుంబాల పిల్లలకీ పేదపిల్లలకీ పెట్టింది పేరైన ఆ ప్రభుత్వ కాలేజీలో అప్పట్లో ట్యూషన్ ఫీజు లేదు. మార్కులుంటే చాలు. పాఠం సరిగా వినపడకపోతే మాస్టారి పెదాల కదలిక చూసి అర్థం చేసుకునేవాడు. మిగిలింది రాత్రి పుస్తకంలో చదువుకునేవాడు. 'గ్రోఫ్' అన్న పేరు అమెరికావాళ్ళ నోట తిరగడం లేదని 'గ్రోవ్' అయ్యాడు. ఆండ్రాష్ కాస్తా ఆండ్రూ... ఆండీ అయ్యాడు. ఈసారి పేరు మార్చుకున్నది ప్రాణభయంతో కాదు, తన ఇష్టంతో.

1957 వేసవి సెలవుల్లో ఓ హోటల్లో బల్లలు సర్దే పనికి కుదిరాడు. అక్కడే వెయిట్రెస్‌గా పనిచేస్తున్న ఈవా పరిచయమైంది. ఆమెదీ ఇలాంటి కథే. వియన్నాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకున్న కుటుంబంతో బొలీవియాలో పెరిగి, అమెరికా చేరిన అమ్మాయి. మర్నాడు ఏమవుతుందో తెలియని బతుకులు రెండూ ఒకటయ్యాయి. 1958లో పెళ్ళి చేసుకున్నారు. 1960లో కెమికల్ ఇంజినీరింగ్‌లో క్లాసు ఫస్టు. దేశం చేరి మూడున్నరేళ్ళయినా కాని శరణార్థి కుర్రాడు మొదటి స్థానంలో నిలిచాడని న్యూయార్క్ టైమ్స్ వార్త రాసింది. ఒకప్పుడు పత్రికలో పేరు ఆగిపోయిందని బాధపడ్డ కుర్రాడి పేరు, అతనేమీ రాయకుండానే పత్రికకెక్కింది!

తర్వాత కాలిఫోర్నియా. 1963లో బర్క్‌లీలో డాక్టరేటు. తర్వాతి కాలంలో అమ్మానాన్నల్నీ తన దగ్గరికి రప్పించుకున్నాడు. పలు ఆపరేషన్ల తర్వాత వినికిడీ మెరుగైంది.

వరి వదిలి చెరువు తవ్వినట్టు...

చదువవగానే ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థలో చేరాడు. అక్కడ గోర్డన్ మూర్ ఆయన పై అధికారి. 1968లో మూర్, రాబర్ట్ నోయిస్ కలిసి ఆ సంస్థని వదిలి సొంతంగా ఓ కంపెనీ పెట్టారు. అదే ఇంటెల్. గ్రోవ్ వ్యవస్థాపకుడు కాదుగానీ మొదటిరోజు నుంచీ వాళ్ళ వెంటే ఉన్నాడు. నోయిస్ కలలు కనేవాడు, మూర్ ఆలోచించేవాడు, గ్రోవ్ పని జరిపించేవాడు. సిలికాన్ వ్యాలీలో ఇంటెల్ గురించి స్థూలంగా ఇలా చెప్పుకుంటారు. 1979లో గ్రోవ్ కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు.

ఇంటెల్ అంటే అప్పట్లో మెమొరీ చిప్‌లు. కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే చిప్‌లన్నమాట. 1970లో వచ్చిన ఇంటెల్ మెమొరీ చిప్ ఆ రంగాన్నే మలుపు తిప్పింది. 1971లో తొలి మైక్రోప్రాసెసర్‌నీ ఇంటెలే మార్కెట్లోకి తెచ్చింది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కి ఇంటెల్ ప్రాసెసర్‌ని ఎంచుకుంది. అయినా కంపెనీలో అందరి దృష్టిలో ప్రాసెసర్ రెండో పంటే. ప్రాణమంతా మెమొరీ మీదే.

1980ల్లో జపాన్ కంపెనీలు దిగాయి. నాణ్యత ఎక్కువ, ధర తక్కువ. చూస్తూ చూస్తుండగానే ఇంటెల్ మార్కెట్ కరిగిపోయింది. నష్టాలు మొదలయ్యాయి. ఏడాదిపాటు సమావేశాల మీద సమావేశాలు. ఎవరికీ ఆ మాట అనడానికి నోరు రాదు... మెమొరీ వదిలేద్దామని.

1985 నడిమి రోజుల్లో ఓసారి గ్రోవ్, మూర్‌తో కలిసి కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ కళ లేదు. గ్రోవ్ ఓ ప్రశ్న వేశాడు. మనిద్దరినీ తీసేసి డైరెక్టర్లు కొత్త మనిషిని తెచ్చి కూర్చోబెడితే అతను మొదట ఏం చేస్తాడు? మూర్ తడుముకోలేదు... మెమొరీ వ్యాపారం నుంచి బయటపడతాడన్నాడు. అలాంటప్పుడు మనమే గుమ్మం దాటి వెళ్ళి, కొత్త మనుషుల్లా తిరిగొచ్చి ఆ పని చేసేద్దాం అన్నాడు గ్రోవ్.

చెప్పడం తేలికే. చెయ్యడం ఎంత కష్టమో తెలియాలంటే మన మండలంలోనే ఏ ముసలి రైతునైనా అడగాలి. తాతల నాటి నుంచి వరి పండించిన చేలు. వరి అంటే పంట మాత్రమే కాదు, పరువు. సంక్రాంతికి ఇంట్లో గాదె నిండితేనే రైతు. అలాంటి చేలో 1980ల్లో పొక్లెయినర్ దింపి చెరువు తవ్వించాలంటే ఆ ఇంట్లో ఎంత రభస జరిగి ఉంటుంది! తరతరాలుగా మనం ఎవరమని చెప్పుకున్నామో దాన్ని మన చేత్తో మనమే తవ్విపొయ్యడం అది. మెమొరీ వదలడం ఇంటెల్‌కి అలాంటిదే.

మార్పు ఊరికే రాదు. మనవైపు చెరువుల తవ్వకం హద్దు మీరి కొల్లేరు గొంతు నొక్కింది. చివరికి 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో సరస్సులోని గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ఇంటెల్ కూడా మూల్యం చెల్లించింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1986లో కంపెనీకి 17 కోట్ల డాలర్లకి పైగా నష్టం. ఆ ఉద్యోగాల కోతని గ్రోవ్ ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. ఆ నిర్ణయం ఏడాది ముందే తీసుకుని ఉండాల్సిందన్న బాధే ఆయన రాతల్లో కనిపిస్తుంది. ఆలస్యానికి కారణం తెలివి లేకపోవడం కాదు, మమకారం అంటాడాయన.

కానీ ఆ దెబ్బతోనే ఇంటెల్ ప్రాసెసర్ల కంపెనీ అయింది. 1987లో గ్రోవ్ సీఈఓ అయ్యేనాటికి ఏడాది అమ్మకాలు సుమారు 190 కోట్ల డాలర్లు. పదేళ్ళు తిరిగేసరికి, 1997లో అవి 2,500 కోట్ల డాలర్లు దాటాయి. 1991లో మొదలైన 'ఇంటెల్ ఇన్‌సైడ్' స్టిక్కరు మన గుడివాడ, ఏలూరు కంప్యూటర్ సెంటర్లలోని డబ్బాల మీద కూడా మెరిసింది. 1997లో టైమ్ పత్రిక ఆయన్ని ఆ ఏటి మేటి వ్యక్తిగా ఎంపిక చేసింది.

రెండు రకాల భయం

అలాగని ఆయనకి తప్పులు లేవా? ఉన్నాయి. 1994లో పెంటియం చిప్‌లో ఓ లోపం బయటపడింది. కొన్ని అరుదైన భాగహారాల్లో లెక్క తప్పుతోందని ఓ గణితం ప్రొఫెసర్ పట్టుకున్నాడు. మామూలు వాడకందారుకి 27 వేల ఏళ్ళకోసారి ఎదురయ్యే పొరపాటని కంపెనీ లెక్కలు చెప్పింది. చిప్ మార్చాలంటే, మీకు నిజంగా అవసరమని నిరూపించుకోండన్నట్టు మాట్లాడింది. జనం మండిపడ్డారు. ఆ డిసెంబరులో ఐబీఎం ఆ చిప్‌లున్న కంప్యూటర్ల అమ్మకం నిలిపేసింది. చివరికి అడిగినవారందరికీ కొత్త చిప్ ఇస్తామని ఇంటెల్ దిగొచ్చింది. అందుకైన ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. లెక్క ప్రకారం ఇంటెల్‌ది పెద్ద తప్పు కాకపోవచ్చు. నమ్మకం లెక్కల మీద నడవదు. తెల్లవారుజామున గట్టెక్కని రైతు పరిస్థితి ఆరోజున గ్రోవ్‌ది. ఆ సంగతి దాచుకోలేదాయన. తన పుస్తకంలో మొదట్లోనే చెప్పుకున్నాడు.

ఆ పుస్తకం పేరు చూసి చాలామంది పొరబడతారు. భయపెట్టి పనిచేయించుకోవడమే గ్రోవ్ పద్ధతి అనుకుంటారు. మనిషి కరకువాడే. మాట కత్తిలా ఉండేది. ఉదయం ఎనిమిదింటికి ఐదు నిమిషాలు దాటి వస్తే పుస్తకంలో సంతకం పెట్టించే రూలు ఇంటెల్‌లో ఉండేది. ఆయన ముందు లెక్క తప్పు చెప్పి బయటపడటం కష్టమని పాత ఉద్యోగులు చెప్పుకునేవారు.

కానీ ఆయన రెండు భయాల మధ్య గీత గీశాడు. పోటీదారు అంటే భయం ఉండాలి. పాతబడిపోతామన్న భయం ఉండాలి. అది చెరువు గట్టు మీది భయం. అది మనిషిని నిద్రలేపుతుంది. పై అధికారికి చేదు నిజం చెబితే ఏమవుతుందోనన్న భయం మాత్రం ఉండకూడదు. అది నియంతల రాజ్యంలోని భయం. అది నోరు నొక్కుతుంది. చెరువులో చేపలు తేలుతున్నాయని కాపలా కుర్రాడికి తెలుసు. చెబితే తిడతారని ఊరుకున్నాడనుకోండి... నష్టపోయేదెవరు? దూరంగా మార్కెట్లో తిరిగే సేల్స్‌మన్‌కి, కింది స్థాయి మేనేజర్‌కి రాబోయే ముప్పు ముందు తెలుస్తుంది, పైనున్నవాళ్ళకి చివర్న తెలుస్తుంది అన్నది గ్రోవ్ పదేపదే చెప్పిన మాట. అందుకే ఇంటెల్‌లో కొత్తగా చేరిన ఇంజినీరైనా సరే పెద్దలతో వాదించవచ్చు. హోదా చూసి కాదు, ఎవరి దగ్గర లెక్క ఉందో చూసి గెలుపు తేల్చాలి. వాదించడమెలాగో నేర్పడానికి కంపెనీలో ప్రత్యేకంగా క్లాసులు పెట్టారు.

ఆయనకి విడిగా గది కూడా లేదు. ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు... నిలువెత్తు గోడలు లేని చిన్న అర. అందరు ఉద్యోగుల్లాగే. తలుపు లేదు కాబట్టి తట్టి అనుమతి అడగాల్సిన పనీ లేదు.

చుట్టరికం చూసి రాతల్ని చెత్తబుట్టలో వేసిన దేశం నుంచి వచ్చినవాడు, చుట్టరికమూ హోదా చూడని కార్యాలయాన్ని కట్టుకోవాలనుకున్నాడు. పూర్తిగా సాధించాడా అంటే, ఆయన గొంతు పెంచితే గదిలో వణుకు పుట్టేదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ ప్రయత్నమే ఆయన్ని మిగతా వ్యాపారాధిపతుల నుంచి వేరుచేసింది.

తీర్చుకున్న రుణం

1990ల నడుమ ఆయనకి ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది. డాక్టరు చెప్పిందానికి తలూపి ఊరుకోలేదు. వైద్య పరిశోధన పత్రాలు తెప్పించుకుని చదివాడు. చికిత్స పద్ధతుల్ని గ్రాఫులు గీసి పోల్చి చూసుకుని తానే ఎంచుకున్నాడు. కోలుకున్నాక 1996లో ఫార్చ్యూన్ పత్రికలో ఆ అనుభవమంతా స్వయంగా రాశాడు. ఎప్పుడో వదిలేసిన కలం మళ్ళీ పట్టుకున్నది ఇలాంటి వాటికోసమే. 1998లో సీఈఓ పదవి దిగాడు. ఛైర్మన్‌గా 2005 దాకా కొనసాగాడు. 2000లో పార్కిన్సన్ వ్యాధి బయటపడింది. చేతులు వణుకుతున్నా స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పడం మానలేదు.

2005లో తాను చదువుకున్న న్యూయార్క్ సిటీ కాలేజీకి 2.6 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఫీజు తీసుకోకుండా చదువు చెప్పిన ఆ కాలేజీ ఇంజినీరింగ్ విభాగానికి ఇప్పుడు ఆయన పేరే. తనని ఓడ ఎక్కించిన సహాయసంస్థకీ జీవితాంతం అండగా నిలిచాడు. హంగరీకి మాత్రం తిరిగి వెళ్ళలేదు. నియంతృత్వం పోయాక కూడా వెళ్ళలేదు. కొన్ని గట్లు దాటాక వెనక్కి చూడాలనిపించదేమో!

2016 మార్చి 21న, 79 ఏళ్ళ వయసులో ఆండీ గ్రోవ్ కన్నుమూశాడు.

మనకూ ఉంది... ఓ 'రంగం' కథ

నియంత నుంచి పారిపోయి కొత్తగా బతుకు మొదలుపెట్టిన కథలు మన తెలుగువాళ్ళకీ ఉన్నాయి. పాతతరం 'రంగం' అని పిలుచుకున్న రంగూన్‌కి మన కోస్తా జిల్లాల నుంచి వేలకు వేలమంది ఓడలెక్కి వెళ్ళేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువ కావడంతో అక్కడ తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అనే పేరొచ్చింది. రేవుల్లో, రియిస్ మిల్లుల్లో రెక్కలు ముక్కలు చేసుకున్నారు. కొందరు దుకాణాలు పెట్టుకుని నిలదొక్కుకున్నారు.

1962 మార్చి 2న జనరల్ నెవిన్ సైనిక కుట్రతో బర్మా అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాల్ని జాతీయం చేశాడు. ఆ ఏడు మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాడు. ఇనప్పెట్టెలో దాచుకున్నదంతా ఒక్కరోజులో చిత్తుకాగితమైంది. ఆ దశకంలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారని అంచనా. విశాఖపట్నం కంచరపాలెంలోని 'బర్మా క్యాంపు' ఆనాటి గుర్తే. చెన్నైలో 'బర్మా బజార్' అలా పుట్టిందే. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం 1969లో రెప్కో బ్యాంకు మొదలైంది. వాళ్ళలో ఎవరూ టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కలేదు. కానీ చెల్లని నోట్ల కట్ట చేతిలో పట్టుకుని సొంతదేశంలోనే శరణార్థులై, చిన్న బడ్డీకొట్టుతో మొదలుపెట్టి పిల్లల్ని చదివించుకున్న ఆ కుటుంబాలదీ సరస్సు ఈదిన కథే.

గట్టు మీది లాంతరు

గ్రోవ్ పోయాక ఏమైంది? అదీ చెప్పుకోవాలి. సెల్‌ఫోన్ల కాలంలో ఇంటెల్ వెనకబడింది. కృత్రిమ మేధ చిప్‌ల పరుగులో ఇంకా వెనకబడింది. 2024 నవంబరులో అమెరికా స్టాక్‌మార్కెట్‌కి కొలబద్దలాంటి డౌజోన్స్ సూచీలో ఇంటెల్‌ని తీసేసి ఆ స్థానంలో ఎన్‌విడియాని చేర్చారు. ఆ ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ కూడా తైవాన్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన వలసదారుడే. అనుక్షణం మెలకువగా ఉండేవాడే బతుకుతాడని చెప్పిన మనిషి కంపెనీయే ఓ రాత్రి కునుకు తీసింది. గ్రోవ్ మాట నిజమని ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇవాళ ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు పల్లెల్లో అమెరికాలో ఎవరో ఒకరు లేని వీధి అరుదు. మన పిల్లలు తరుముకొస్తే పారిపోయినవాళ్ళు కారు. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీతో, విమానాశ్రయం దాకా వచ్చిన చుట్టాలతో, దర్జాగా వెళ్ళినవాళ్ళు. అయినా వీసా కాగితం మీద భవిష్యత్తు వేలాడే రోజుల్లో, అక్కడ వాళ్ళకీ నిద్రపట్టని తెల్లవారుజాములు ఉంటాయి. అలాంటి రాత్రి గుర్తుచేసుకోవాల్సింది ఆయన కోట్లని కాదు. చెవులు వినపడక పెదాలు చూసి పాఠం నేర్చుకున్న కుర్రాణ్ణి. తప్పు చేసినప్పుడు ఒప్పుకున్న పెద్దమనిషిని.

ఇంట్లోనైనా, కొట్లోనైనా, కంపెనీలోనైనా... మన కింద పనిచేసే కుర్రాడు భయపడకుండా వచ్చి "అయ్యా, చేపలు తేలుతున్నాయండీ" అని చెప్పగలుగుతున్నాడా? అలా చెప్పగలిగితే ఆ చెరువు బతికినట్టే. చెప్పడానికి జంకుతున్నాడంటే, గట్టు మీద ఎన్ని లైట్లు వెలిగించినా చీకటే.